‘ప్రిపేర్ అవుతున్నా’ అంటే ఏ కాలం?

ఈ వారం ఎథిక్స్ కేస్ స్టడీ రాద్దామనుకున్నాను. దాని బదులు ఇంగ్లిష్ గ్రామర్ రాస్తున్నాను. కారణం ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి.

నేనుండేది సూరత్‌లో, పాండేసరా దగ్గర వడోద్‌లో. చుట్టూ సాంచెల కార్ఖానాలు. మా బాపు సిరిసిల్ల నుంచి వచ్చి పాతికేళ్ళకు పైగా ఇక్కడే సాంచెలు నడుపుతున్నాడు. మా గల్లీలో మనవాళ్ళ పిల్లలు ఏడుగురికి సాయంత్రాలు ఇంగ్లిష్, లెక్కలు చెబుతాను. మొన్న మంగళవారం ‘మై సెల్ఫ్’ మీద పది వాక్యాలు రాయమన్నాను. ఆ అమ్మాయి ఇలా రాసింది: “ఐ యామ్ నోయింగ్ తెలుగు, గుజరాతీ అండ్ హిందీ.”

ఎర్ర పెన్నుతో కొట్టేసి “ఐ నో” అని దిద్దాను.

“ఎందుకన్నా?” అంది.

“నో అనేది స్టేటివ్ వెర్బ్. దానికి ఐఎన్‌జీ రాదు.”

“ఎందుకు రాదు?”

“రూల్.”

“మరి మెక్‌డొనాల్డ్స్ బోర్డు మీద ‘ఐయామ్ లవిన్ ఇట్’ అని ఉంటది గదా. లవ్ గూడ నువ్వు చెప్పిన లిస్టుల ఉంది.”

మిగతా ఆరుగురూ నా ముఖం చూశారు. “రేపు చెప్తా” అన్నాను. బీటెక్ మెకానికల్ చదివి, రెండుసార్లు ప్రిలిమ్స్ రాసిన నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. నా దగ్గర ఉన్నది బట్టీపట్టిన జాబితా: నో, బిలీవ్, వాంట్, లవ్, హ్యావ్, బిలాంగ్. జాబితా ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఎప్పుడూ అడగలేదు.

మనలో చాలామంది పరిస్థితి ఇదే. మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ 300 మార్కులకు ఉంటుంది. 25 శాతం, అంటే 75 మార్కులు వస్తే చాలు, మెరిట్‌లో కలపరు. అందుకని చివరి పదిరోజులకు నెట్టేస్తాం. కానీ ఆ 75 రాకపోతే మిగతా పేపర్లను లెక్కలోకే తీసుకోరు. 275 మార్కుల ఇంటర్వ్యూలో ఇంగ్లిష్‌లో మాట్లాడాలనుకునే వాళ్ళకు ఈ ఐఎన్‌జీ అడుగడుగునా అడ్డొస్తుంది. కాబట్టి ఆ అమ్మాయికి చెప్పడానికి నేను చదువుకున్నది మీకూ చెబుతాను.

రెండు తోకలు ఒకటయ్యాయి

ఐఎన్‌జీ మొదట ఒకటి కాదు, రెండు. సుమారు వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లిష్‌లో క్రియను నామవాచకంగా మార్చడానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’ చేర్చేవారు. ఇప్పటి ‘లెర్నింగ్’ అప్పట్లో ‘లెయోర్నుంగ్’. ‘చదవడం’, ‘నేర్చుకోవడం’ అని మనం అన్నట్టు. రెండోది ‘ఎండె’. ‘సింగెండె’ అంటే ‘పాడుతూ’, ‘పాడుతున్న’. మొదటిది పేరు, రెండోది విశేషణం. రెండింటికీ సంబంధం లేదు.

ఆ తర్వాతి కొన్ని శతాబ్దాల్లో పలుకుబడి అరిగి, ‘ఎండె’ పోయి దాని పని కూడా ‘ఇంగ్’ మీదే పడింది. అందుకే ఈ రోజు ‘స్విమ్మింగ్ ఈజ్ గుడ్’లో ఐఎన్‌జీ నామవాచకం, ‘హి ఈజ్ స్విమ్మింగ్’లో ఐఎన్‌జీ క్రియలో భాగం. జెరండ్, పార్టిసిపుల్ అని మనల్ని తికమకపెట్టే తేడా ఇదే. రూపం ఒకటే, పుట్టుక వేరు.

దీనికి తోడు ఇంకో దారి కూడా ఉంది. పాత ఇంగ్లిష్‌లో ‘వేట మీద ఉన్నాడు’ అనే అర్థంలో ‘ఆన్ హంటింగ్’ అనేవారు. ఆ ‘ఆన్’ అరిగి ‘అ’ అయింది, ‘అ-హంటింగ్’. తర్వాత ఆ ‘అ’ కూడా రాలిపోయింది. మనం ఇప్పుడూ ‘పని మీద ఉన్నాడు’ అంటాం చూడండి, అదే ఊహ. వెల్ష్ భాషలో కూడా ‘ఆమె పాడటంలో ఉంది’ అన్నట్టే చెబుతారు. బ్రిటన్‌లో ముందునుంచీ ఉన్న ఆ కెల్టిక్ భాషల ప్రభావం వల్లే ఇంగ్లిష్‌కు ఈ రూపం బలంగా వచ్చిందని కొందరు పండితులు వాదిస్తారు, మరికొందరు ఒప్పుకోరు.

ఎలా వచ్చినా, చాలాకాలం అది తప్పనిసరి కాదు. 1616లో చనిపోయిన షేక్‌స్పియర్ కాలంలో, ఈ క్షణంలో జరుగుతున్న పనిని ‘ఐ రీడ్’ అని చెప్పినా సరిపోయేది, ‘ఐ యామ్ రీడింగ్’ అన్నా సరిపోయేది. జర్మన్‌లో ఇప్పటికీ ‘ఇహ్ లేజె’ అంటే చదువుతాను, చదువుతున్నాను రెండూ. ఇంగ్లిష్‌లో మాత్రం 18, 19 శతాబ్దాల్లో ఐఎన్‌జీ విపరీతంగా పెరిగి, ‘ఇప్పుడు నడుస్తున్న పని’ అంతా తనే తీసేసుకుంది. పాత మామూలు రూపానికి రెండే మిగిలాయి: అలవాటు, స్థిరంగా ఉండే స్థితి.

జాబితా వెనకున్న కారణం ఇదీ. ‘నో’కు నడక లేదు. తెలియడం అయిపోయాక అది అలా ఉంటుంది, అంతే. మొదలు, మధ్య, చివర ఉన్న పనికే ఐఎన్‌జీ. ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’లో హ్యావ్ స్థితి కాబట్టి ఐఎన్‌జీ రాదు. ‘ఐ యామ్ హావింగ్ లంచ్’లో హ్యావ్ అంటే తినడం, అది నడిచే పని కాబట్టి వస్తుంది. ఇక 2003లో వచ్చిన మెక్‌డొనాల్డ్స్ నినాదం ప్రేమ అనే స్థితిని ‘ఈ ముద్ద తింటున్నంతసేపు’ నడిచే అనుభవంగా మార్చి చెప్పింది. నియమం తెలిసి చేసిన పని అది. అయినా పరీక్షలో మనం చేయకూడదు.

నియమాలు రాయి మీద చెక్కినవి కావు అనడానికి ఇంకో ఉదాహరణ. ‘ద హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్’ అని మనం రోజూ రాస్తాం. ఇలాంటి వాక్యాలు వాడుకలోకి వచ్చింది 18వ శతాబ్దం చివర్లోనే. అంతకుముందు ఇల్లు కడుతున్నారని చెప్పడానికి ‘ద హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవారు. అమెరికన్ విమర్శకుడు రిచర్డ్ గ్రాంట్ వైట్ 1870లో తెచ్చిన పుస్తకంలో ‘ఈజ్ బీయింగ్’ మీద ఒక అధ్యాయమే రాసి, ఇది ఇంగ్లిష్ కాదన్నాడు. ఈ రోజు ఆ రూపం లేకుండా ఒక్క ప్రభుత్వ నివేదిక కూడా నడవదు.

తెలుగులో ‘ఉన్న’

ఇప్పుడు మన భాషకు రండి. ‘చేస్తున్నాను’ను విప్పి చూడండి: చేస్తూ + ఉన్నాను. పాత రూపం ‘చేయుచున్నాను’, అంటే చేయుచు + ఉన్నాను. చిన్నయసూరి వ్యాకరణంలో ‘చేయుచు’ లాంటిదాన్ని శత్రర్థకం అంటారు. అంటే మనమూ ఇంగ్లిష్‌వాళ్ళూ ఒకే పద్ధతిలో ఇల్లు కట్టుకున్నాం: ‘ఫలానా పని చేస్తూ’ అనే ముక్క, దాని పక్కన ‘ఉండు’ అనే క్రియ. ‘యామ్’ మన ‘ఉన్నాను’, ‘డూయింగ్’ మన ‘చేస్తూ’.

అయితే తప్పు ఎక్కడ పుడుతుంది? రెండోవైపు. ఇంగ్లిష్‌లో ‘ఐ డూ’ ఉన్నచోట మనకు ‘చేస్తాను’ ఉంది. పాత ‘చేయును’ను వ్యాకరణంలో తద్ధర్మార్థకం అంటారు. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అనే స్కూలు వాక్యం గుర్తుందా, అది. ఇప్పటి ‘చేస్తాను’ ఆ అలవాటు పనితో పాటు భవిష్యత్తు పని కూడా మోస్తుంది. ‘రోజూ ఆరింటికి లేస్తాను’ అలవాటు. ‘రేపు ఆరింటికి లేస్తాను’ భవిష్యత్తు. రూపం మారదు. అందుకే మనం ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’ అంటాం. ‘విల్’ ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందా? మన ‘లేస్తాను’ రెండు పడవల్లో కాళ్ళు పెట్టింది.

ఇంకో చిక్కు. ‘చేస్తాను’ భవిష్యత్తు వైపు ఒరిగిపోయింది కాబట్టి, ప్రస్తుతం ఉన్న మనసు సంగతి చెప్పాలంటే మనకు ‘తున్నాను’ కావాలి. ‘నమ్ముతున్నాను’, ‘కోరుకుంటున్నాను’, ‘అనుకుంటున్నాను’. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటే ఇప్పటి మాట. ‘నిన్ను ప్రేమిస్తాను’ అంటే రేపటి హామీలా వినిపిస్తుంది. ఆ అలవాటుతో ‘ఐ యామ్ బిలీవింగ్’, ‘ఐ యామ్ వాంటింగ్’ అంటాం. అది తెలివితక్కువతనం కాదు. తెలుగు చెప్పిన లెక్కను ఇంగ్లిష్‌లో అప్పజెబుతున్నాం.

కానీ ‘ఐ యామ్ నోయింగ్’కు మాత్రం తెలుగును నిందించలేం. ‘నాకు తెలుసు’ అంటాం కానీ ‘తెలుస్తున్నాను’ అనం. ‘తెలుస్తోంది’ అంటే అప్పుడే బయటపడుతోందని. అంటే ‘నో’కు నడక లేదని మన అమ్మలకు కూడా తెలుసు. బుధవారం ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. “నీకు తెలుగు తెలుసా, తెలుస్తున్నదా?” అన్నాను. నవ్వి, తనే దిద్దుకుంది. జాబితా అక్కర్లేకపోయింది.

మనవాళ్ళ ఈ ఐఎన్‌జీని ఎగతాళి చేసినవాళ్ళు చాలామంది. ముంబై కవి నిస్సిమ్ ఎజికియల్ రాసిన ‘గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్.’ అనే పద్యం ఇలాంటి ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది. చదివి నేనూ నవ్వాను. కిందటేడు ఒక మాక్ ఇంటర్వ్యూలో “ఐ యామ్ బిలాంగింగ్ టు ఎ వీవర్స్ ఫ్యామిలీ” అన్నప్పుడు బోర్డులో ఒకాయన నవ్వారు. అప్పుడు నవ్వు రాలేదు. ఆ తర్వాత అడిగిన మూడు ప్రశ్నలకూ నా గొంతు సరిగా లేవలేదు. బిలాంగ్‌కు నడక లేదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, నేను నేత కుటుంబంవాణ్ణి అని చెప్పే వాక్యం దగ్గర తడబడేవాణ్ణి కాదు.

‘శుం కరే ఛే?’

మా పక్కింట్లో గుజరాతీ మాసీ ఉంటుంది. కనిపించినప్పుడల్లా “దీకరా, శుం కరే ఛే?” అంటుంది. గుజరాతీలో ఈ ఒక్క రూపానికే రెండర్థాలు: ‘ఏం చేస్తున్నావు?’ అనీ, ‘ఏం పని చేస్తావు?’ అనీ. హిందీలో ‘కర్‌తా హై’, ‘కర్ రహా హై’ వేరువేరు. గుజరాతీలో కావాలంటే విడదీసి చెప్పొచ్చు కానీ, రోజువారీ మాటల్లో ‘కరే ఛే’తోనే రెండూ గడిచిపోతాయి.

మూడేళ్ళుగా నా జవాబు ఒకటే: “తైయారీ కరుం ఛుం.” ప్రిపేర్ అవుతున్నా. ఆమె ఏ అర్థంలో అడిగినా సరిపోతుంది. ఈ క్షణం చేస్తున్నదీ అదే, నా ఉద్యోగమూ అదే. కాలేజీ స్నేహితులు అడిగినా, సిరిసిల్ల నుంచి మేనత్త ఫోన్ చేసినా అదే జవాబు. ఈ వారం వ్యాకరణం చదువుతున్నప్పుడు ఆ జవాబే నన్ను గుచ్చింది.

సగంలో ఆపితే

క్రియల మీద జెనో వెండ్లర్ 1957లో ఒక వ్యాసం రాశారు. క్రియలన్నీ ఒకలా నడవవని అందులో విడదీసి చూపించారు. నడవడం ఒక రకం. రోడ్డు దాటడం మరో రకం. ‘నడుస్తున్నాడు’ అన్నప్పుడు మనిషిని మధ్యలో ఆపండి. అతను నడిచినట్టే. ‘రోడ్డు దాటుతున్నాడు’ అన్నప్పుడు మధ్యలో ఆపండి. దాటినట్టు కాదు. ఐఎన్‌జీ రెండింటికీ ఒకేలా వస్తుంది కానీ, ఆపితే మిగిలేది వేరు. డేవిడ్ డౌటీ అనే భాషావేత్త 1979 నాటి పుస్తకంలో ఈ చిక్కును వివరంగా చర్చించారు.

ఇప్పుడు మన వాక్యాలు పెట్టి చూడండి. ‘చరిత్ర చదువుతున్నాను.’ ఆపితే చదివినంత చదివినట్టే. ‘ఐఏఎస్ అవుతున్నాను.’ ఆపితే ఏమీ కానట్టే. మరి ‘ప్రిపేర్ అవుతున్నా’ ఏ రకం? మాట మొదటి రకంలా వినిపిస్తుంది. లోపల మనం బతికేది రెండో రకంలో. రిజల్ట్ పీడీఎఫ్‌లో నంబర్ లేని రోజు, రెండేళ్ళ పని మొత్తం చెరిగిపోయినట్టు అనిపించేది అందుకే. నాకు రెండుసార్లు అలాగే అనిపించింది.

ఇది నాకు ఇప్పుడు ఉత్త వ్యాకరణం కాదు. దగ్గర్లోని ఒక డైయింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజినీర్ పని ఉందని బాపు స్నేహితుడు చెప్పాడు. ఆదివారం లోపు చెప్పాలి. నా భయం ఒక్కటే: చేరితే ‘ప్రిపేర్ అవుతున్నా’ అనే మాట పోతుంది, ఆ మాట పోతే మూడేళ్ళూ పోయినట్టే.

గురువారం రాత్రి బాపు పగటి పాళీ దిగి వచ్చాడు. పన్నెండు గంటలు సాంచెల మధ్య నిలబడి వచ్చిన మనిషికి కాసేపు చెవులు పనిచేయవు. అన్నం తినేదాకా ఆగి అడిగాను.

“బాపూ, తాకా సగంల ఉన్నప్పుడు సాంచె ఆగితే నీకు పైసలు రావా?”

“ఎందుకు రావు? నేసినకాడికి మీటర్లు ఉంటయి గదా. రాసుకుంటరు.”

“మరి నా చదువు సగంల ఆగితే?”

కాసేపు మాట్లాడలేదు. కంచం పక్కకు జరిపి అన్నాడు: “నువ్వు ఎంత నేసినవో నాకేమెరుక? నీ మీటర్లు నువ్వే జూస్కోవాలె.”

ఓదార్పు అనుకున్నాను ముందు. కాదు. లెక్క చూపించమన్నాడు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో ‘తున్నాను’ లేని వాక్యాలు మాత్రమే రాద్దామని కూర్చున్నాను. ఆరు నుంచి పన్నెండు దాకా చరిత్ర, భూగోళం, పాలిటీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చదివాను. రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల అధికరణలు చూడకుండా చెప్పగలను. పేజీ మేటర్‌ను మూడో వంతుకు కుదించి రాయగలను. గుజరాతీ లిపి నేర్చుకున్నాను, పేపర్ చదువుతాను. ఏడుగురు పిల్లలకు చెబుతాను. తర్వాత నిజాయితీగా రెండో పేజీ కూడా రాశాను: ఆన్సర్ రైటింగ్ ‘చేస్తున్నాను’ అంటూ మూడేళ్ళలో పూర్తి పేపర్లు రాసింది నాలుగే. ఆప్షనల్ సిలబస్‌లో సగం ముట్టుకోలేదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో గడిపిన గంటలకు ఒక్క మీటరూ లేదు.

మొదటి పేజీ చూసి ధైర్యం వచ్చింది, అవి ఎవరూ చెరపలేరు. రెండో పేజీ చూసి సిగ్గేసింది. ఆ సగం సిలబస్‌కు, ఉద్యోగం లేకపోవడానికి సంబంధం లేదని కూడా తెలిసింది.

శుక్రవారం మిల్లుకు ఫోన్ చేసి వస్తానని చెప్పాను. ఒకటో తారీఖు నుంచి చేరతాను. మూడో అటెంప్ట్ రాస్తాను, ఉదయం రెండు గంటలు, ఆదివారాలు మొత్తం చదువుతాను. ‘రాస్తాను’, ‘చదువుతాను’. ఇవి అలవాటా, భవిష్యత్తా? తెలుగు రెండింటినీ ఒకే మాటలో చెప్పనిస్తుంది. ఆ మాటను నిలబెట్టుకోవడం మాత్రం నా పని.

మిమ్మల్ని ఉద్యోగంలో చేరమనీ, చదువు మానమనీ చెప్పడం లేదు. ఎవరి ఇల్లు వారిది. ఒక్కటే అడుగుతాను. ఈ రాత్రి ‘తున్నాను’ లేకుండా పది వాక్యాలు రాయండి. ఐదు కూడా రాకపోతే భయపడాల్సింది రిజల్ట్ గురించి కాదు.

ఈ వారం అభ్యాసం

కింది వాక్యాలను ఇంగ్లిష్‌లో రాయండి. ఐఎన్‌జీ ఎక్కడ రావాలో, ఎక్కడ రాకూడదో, ‘విల్’ ఎక్కడ అక్కర్లేదో చూసుకోండి.

1. నేను రోజూ ఐదింటికి లేస్తాను.
2. నాకు మూడు భాషలు తెలుసు.
3. మా ఊరి బడిని కడుతున్నారు.
4. ఈ మాట నిజమని నమ్ముతున్నాను.
5. మేము నేత కుటుంబానికి చెందినవాళ్ళం.
6. మా బాపు సాంచెలు నడుపుతాడు. ఈ వారం రాత్రి పాళీలో పని చేస్తున్నాడు.

ఆరోదానిలో రెండు క్రియలకూ రెండు వేరు రూపాలు రావాలి. మొదటిది ఆయన బతుకు, రెండోది ఈ వారం సంగతి. ఆ తేడా తెలిస్తే ఈ పాఠం వచ్చినట్టే.